యుద్ధకాలంలో మన ఆడవాళ్ళు ఏం చేశారు? మీ ఇళ్ళలో విన్నవి ఉంటే చెప్పండి

రుషికొండ_రాధ
మా కాలనీ లైబ్రరీలో రెండో ప్రపంచ యుద్ధం మీద చిన్న ఎగ్జిబిషన్ పెడుతున్నారు. ఆడవాళ్ళ గురించి ఒక బోర్డు తయారు చెయ్యమని నాకు అప్పగించారు. ఎంత వెతికినా ఇంగ్లండు, అమెరికా ఆడవాళ్ళే దొరుకుతున్నారు. ఫ్యాక్టరీల్లో తూటాలు చేసినవాళ్ళు, పొలాల్లో ట్రాక్టరు తోలినవాళ్ళు, తలకి ఎర్ర గుడ్డ కట్టుకుని కండ చూపించే ఆ పోస్టరు. వాళ్ళు చేసింది తక్కువేమీ కాదు. కానీ విశాఖలో పెట్టే బోర్డు మీద విశాఖ ఆడది ఒక్కతీ లేకపోతే ఎలా? కమిటీలో ఒకాయన "ఇక్కడ యుద్ధం ఎక్కడ జరిగిందమ్మా, మనవాళ్ళు వంటింట్లోనే ఉన్నారుగా" అనేశారు. అప్పట్నించి కడుపు రగిలిపోతోంది. 1942 ఏప్రిల్ 6న ఇదే ఊరి మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజు మా అమ్మమ్మ చంకలో పిల్లతో, నెత్తిన బియ్యం మూటతో సింహాచలం దారి పట్టింది. తాతయ్య హార్బరు డ్యూటీలో ఉండిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం ఇల్లు నడిపింది ఆవిడే. ఇలాంటివి మీ ఇళ్ళలో ఉంటే రాయండి. తేదీలు, వివరాలు తెలిస్తే ఇంకా మేలు.

కాజా_కాకినాడ
అదే రోజు కాకినాడ మీద కూడా పడ్డాయండీ, మర్చిపోకండి. మా ఊరిని ఎప్పుడూ వదిలేస్తారు.

పాతకాగితాలు
ఆ రోజు సోమవారం. ముందు రోజు ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి జరిగింది. అక్కణ్ణించి మన తీరమంతా బెంబేలెత్తిపోయింది. ఆంధ్రా యూనివర్సిటీని వాల్తేరు నుంచి గుంటూరుకి తరలించారు. మద్రాసు అయితే దాదాపు ఖాళీ అయింది, హైకోర్టుని కోయంబత్తూరు పంపించారు, జూలో బాంబు పడితే క్రూరమృగాలు ఊరి మీద పడతాయని భయపడి వాటిని కాల్చేశారు. ఇవన్నీ రికార్డుల్లో ఉన్నాయి. ఏ ఆఫీసు ఏ ఊరు వెళ్ళిందో వరసగా దొరుకుతుంది. ఆ గుమాస్తాల ఇళ్ళల్లో సామాను ఎవరు కట్టారు, కొత్త ఊళ్ళో పాలు, నీళ్ళు, పిల్లల బడి ఎవరు చూశారు అంటే ఒక్క కాగితం కూడా లేదు. రాధ గారూ, మీ బోర్డు అక్కడ మొదలెట్టండి.

తెనాలి_శ్రీను
ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఊరు వదిలి పారిపోవడం, ఇల్లు చూసుకోవడం కష్టమే, కాదనను. కానీ అది యుద్ధంలో పని ఎలా అవుతుంది? బ్రిటన్‌లో 1941 డిసెంబరులో చట్టం చేసి 20 నుంచి 30 ఏళ్ళ పెళ్ళికాని ఆడవాళ్ళని పనిలోకి పిలిచారు. ల్యాండ్ ఆర్మీలో 80 వేల మందికి పైగా పొలం పని చేశారు. వాళ్ళకి యూనిఫారం, జీతం, హాజరుపట్టీ ఉన్నాయి. మనవాళ్ళు పడింది బాధ, చేసింది సేవ కాదు. రెండూ కలిపేస్తే ఆ కమిటీ పెద్దమనిషే గెలుస్తాడు.

మాధవరం_మనవరాలు
శ్రీను గారూ, హాజరుపట్టీలో పేరుంటేనే పని అనుకుంటే ఈ దేశంలో ఆడవాళ్ళు ఇప్పటికీ సగం పని చెయ్యనట్టే లెక్క. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలటరీ మాధవరం అంటారు. రెండు యుద్ధాలకీ మా ఊరి నుంచి సిపాయిలు వెళ్ళారు, ఊళ్ళో స్తూపం కూడా ఉంది. మగాళ్ళు వెళ్ళిపోయాక ఊడ్పులు ఆగాయా, కోతలు ఆగాయా? మా ముత్తవ్వ పెళ్ళయిన కొత్తల్లోనే మొగుడు పట్టాళంలో చేరాడు. అత్తగారికి చూపు ఆనేది కాదు. పాలేరుని మాట్లాడుకోవడం, నీళ్ళ వంతు కోసం అర్ధరాత్రి కాలవ గట్టు మీదకి లాంతరు పట్టుకెళ్ళడం, కళ్ళంలో కాటా దగ్గర దళారీతో గొడవపడటం అంతా ఆవిడే. నెలకి మనియార్డరు వచ్చేది. పోస్టుమాను ముందు వేలిముద్ర వేసి, ఆ డబ్బులు అతని ఎదురుగానే రెండుసార్లు లెక్కపెట్టుకునేదట. ఉత్తరం వస్తే బడి పంతులు గారి చేత చదివించుకోవాలి. అందులో కొన్ని వరసల మీద నల్ల సిరా పూసి ఉండేది, సెన్సారు వాళ్ళు కొట్టేసినవి. "ఆ నలుపు కింద ఏముందండీ" అని పంతులు గారిని అడిగితే ఆయన "క్షేమమేనమ్మా" అనేవాడట. ఆ సిపాయి అక్కడ నిబ్బరంగా ఉన్నాడంటే ఇక్కడ పొలం పడావు పడలేదు కాబట్టే. ఇది సేవ కాకపోతే ఇంకేది?

రుషికొండ_రాధ
మనవరాలు గారూ, కళ్ళు చెమర్చాయి. ఆ నల్ల సిరా ఉత్తరాల్లో ఒక్కటైనా మిగిలిందా?

మాధవరం_మనవరాలు
లేవు రాధ గారూ, పెంకుటిల్లు పడగొట్టినప్పుడు పోయాయి. ట్రంకు పెట్టె మాత్రం ఉంది, మూత మీద ఆయన నంబరు తెల్ల పెయింటుతో రాసి ఉంది.

బర్మాక్యాంపు_బాబు
విశాఖలో బర్మా క్యాంపు అంటే అందరికీ తెలుసు. అందరూ 1960ల్లో బర్మా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళ గురించే చెప్తారు గానీ అంతకు ముందు 1942లో నడిచి వచ్చినవాళ్ళున్నారు. రంగూను రేవులో, బియ్యం మిల్లుల్లో మన గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళు వేలల్లో ఉండేవారు. 1942 మార్చిలో రంగూను జపాన్ చేతిలోకి పోయింది. అడవులు, కొండలు దాటుకుంటూ లక్షల మంది కాలినడకన బయల్దేరారు, దారిలోనే మలేరియా, కలరాతో ఎంతమంది పోయారో. మా ముత్తాత అక్కడ మిల్లులో, ముత్తవ్వ శ్రీకాకుళం పక్క పల్లెలో. నెలనెలా వచ్చే డబ్బు ఒక్కసారిగా ఆగిపోయింది. బతికున్నాడో లేదో తెలీదు. పసుపు కుంకాలు ఉంచుకోవాలా తీసెయ్యాలా అని ఇంట్లో పెద్దాళ్ళు గొడవపడుతుంటే ఆవిడ గోనెసంచుల మిల్లులో సంచులు కుట్టే పనికి వెళ్ళింది. యుద్ధంలో ఇసక బస్తాల కోసం గోనెసంచులకి ఎక్కడ లేని గిరాకీ. శ్రీను అన్నా, ఆవిడ పేరు ఆ మిల్లు పుస్తకంలో ఉండే ఉంటుంది. నీకు కావాల్సిన హాజరుపట్టీ అదే. ముత్తాత ఆరాకాను దారిన నడిచి ఎలాగో ఇల్లు చేరాడు. గడప దగ్గర నిలబడితే బిచ్చగాడనుకుని గిన్నెలో గంజి పట్టుకొచ్చిందట.

కాజా_కాకినాడ
బర్మా పోవడంతో బియ్యమూ పోయింది, కిరసనాయిలూ పోయింది. మా నాయనమ్మ ఆముదం దీపాల కింద చదువుకుంది. ఏదైనా ఇంట్లో కిరసనాయిలు వాసనొస్తే "వాళ్ళకెక్కడిదో" అని వీధంతా చెవులు కొరుక్కునేవారట.

పాతకాగితాలు
శ్రీను గారు చట్టాలు, జీతాలు అడుగుతున్నారు కాబట్టి ఒక గట్టి ఉదాహరణ. బొగ్గు గనుల్లో భూమి లోపల ఆడవాళ్ళు పని చెయ్యకూడదని 1937 నుంచి పూర్తి నిషేధం ఉండేది. యుద్ధం వచ్చాక మగకూలీలు ఎక్కువ కూలి దొరికే మిలటరీ పనులకి వెళ్ళిపోయారు, బొగ్గు తగ్గిపోయింది. రైళ్ళకీ ఫ్యాక్టరీలకీ బొగ్గు లేకపోతే యుద్ధమే నడవదు. దాంతో 1943లో నిషేధం ఎత్తేసి ఆడవాళ్ళని మళ్ళీ గనుల్లోకి దించారు. అప్పుడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నది అంబేడ్కర్. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో దీని మీద గట్టి చర్చ జరిగింది. ఇది తప్పనిసరై తీసుకున్న నిర్ణయమని ఆయన వాదించారు. గనుల్లో ఆడ, మగ తేడా లేకుండా సమాన పనికి సమాన కూలి అనే సూత్రం పెట్టామని, ఒక పరిశ్రమలో ఇది మొదటిసారనీ అన్నారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్ళీ నిషేధం వచ్చింది. అవసరం తీరగానే పైకి పంపేశారు. ఇంగ్లండులో తూటాల ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి జరిగిందీ ఇంచుమించు ఇదే.

తెనాలి_శ్రీను
ఇదీ కావాల్సింది. ఇలాంటివే బోర్డు మీద ఉండాలి. సైన్యంలో ఆడవాళ్ళ విభాగం కూడా ఉండేది కదా?

పాతకాగితాలు
ఉండేది. విమెన్స్ ఆగ్జిలరీ కోర్, 1942లో పెట్టారు. టైపిస్టులు, టెలిఫోను ఆపరేటర్లు, సంకేత లిపి చూసేవాళ్ళు. ఎక్కువలో ఎక్కువ 11,500 మంది దాకా చేరారు, అందులో ఆంగ్లో ఇండియన్లు చాలామంది. నౌకాదళ విభాగం నుంచి కల్యాణీ సేన్ అనే అధికారిణి 1945లో బ్రిటన్ వెళ్ళి వచ్చింది. చీర కట్టులో యూనిఫారంతో ఆవిడ ఫోటో ఉంది, చూడండి.

ఓరుగల్లు_రమ
అందరు కోస్తా ముచ్చటే చెప్తున్నరు. మా దిక్కు నిజాం రాజ్యంల బాంబులు పడలే గని లెవీ పడ్డది. యుద్ధం పేరు చెప్పి ప్రతి రైతు ఇంత ధాన్యం సర్కారు ధరకు కొలవాలె అన్నరు. దొరల గడీల్లో గరిసెలు నిండుగ ఉన్నా అడిగేటోడు లేడు. బీదోళ్ళ ఇంట్ల మాత్రం గింజ గింజ ఊడ్చుకపోయేటోళ్ళు. మగాళ్ళను చావిడికి పిలిచి కూసోబెడితే ఇంట్ల ఉన్న ఆడోళ్ళే గింజలు కాపాడాలె. మా అత్తమ్మ వాళ్ళమ్మ జొన్నలు కుండల్ల పోసి, మూతికి పేడ అలికి, పొయ్యి పక్కన నేలల పాతిపెట్టి పైన బూడిద పోసిందట. పట్వారీ మనుషులు ఆ బూడిద మీదికెళ్ళే తిరిగిన్రు. దొరికితే ఏమైతదో ఆమెకు తెల్వదా? తెలుసు. అయినా పిల్లలకు గటక కావాలె. 1940ల నడుమ పాలకుర్తిల చాకలి ఐలమ్మ తన పంట దొరకు ఇయ్యనని నిలబడ్డది అందరికి ఎరుకే. గట్ల పేరు రానోళ్ళు ఊరికి పదిమంది ఉన్నరు. ఇందుల సర్కారు పక్కన నిలబడి సేవ చేసుడు లేదు, సర్కారు నుంచి ఇల్లు కాపాడుకునుడు ఉంది. అది కూడ యుద్ధకాలం ముచ్చటే. బోర్డు మీద దానికి జాగ ఉంటదా రాధక్కా?

రుషికొండ_రాధ
తప్పకుండా ఉంటుంది రమా. యుద్ధం ఎవరిదైనా భారం ఎవరి మీద పడిందో చెప్పకపోతే ఆ బోర్డు ఎందుకు?

తెనాలి_శ్రీను
రమ గారి మాటతో ఒప్పుకుంటాను. దాంతోపాటు ఇంకోటి కూడా రాయాలి మరి. డెల్టాలో యుద్ధం వల్ల బాగుపడినవాళ్ళూ ఉన్నారు. ధాన్యం ధర పెరిగి అప్పులు తీర్చుకున్న రైతులు మా తాతల్లోనే ఉన్నారు. మా నాయనమ్మ కాసులపేరు ఆ రోజుల్లో చేయించిందే. అదే సమయంలో మా పొలంలో కలుపు తీసిన ఆడకూలీలకి గింజల బదులు డబ్బులు ఇవ్వడం మొదలెట్టారట. గింజలైతే ధర పెరిగినా కడుపు నిండేది. డబ్బులకి బజార్లో ఏమొస్తుంది? నాయనమ్మే చెప్పేది, అలా చెయ్యడం పాపం అని తాతయ్యతో పోట్లాడి దొడ్డిదారిన మానికెడు బియ్యం పెట్టేదాన్నని.

మాధవరం_మనవరాలు
ఇప్పుడు దారిలోకొచ్చారు శ్రీను గారూ. మీ నాయనమ్మ చేసిన దానికి హాజరుపట్టీ ఉందా?

తెనాలి_శ్రీను
లేదు లెండి, ఉంటే తాతయ్య ఊరుకునేవాడు కాదు.

చీరాల_మగ్గం
నూలు గురించి ఎవరూ రాయలేదు. యుద్ధంలో మిల్లుల నూలు మిలటరీ బట్టకి పోయింది, మగ్గాలకి నూలు దొరకలేదు. 1943లో గుడ్డకీ నూలుకీ కంట్రోలు పెట్టారు, తానుల మీద ధర ముద్ర వేసేవారు. నేతగాడి పేరే అందరూ చెప్తారు గానీ కండెలు చుట్టేది, ఆసు పోసేది, పోగులకి అంబలి (గంజి) పట్టేది ఇంట్లో ఆడవాళ్ళు. నూలు లేకపోతే వాళ్ళ చేతులే ముందు ఖాళీ. మా జేజమ్మ పాత చీరల అంచుల నుంచి పోగులు లాగి, ముడి వేసి, మళ్ళీ కండెకి ఎక్కించేది. అలా నేసిన తువ్వాలు ఒకటి మా దగ్గరుంది. దగ్గరగా చూస్తే రెండంగుళాలకో ముడి చేతికి తగులుతుంది, రంగులు ఒకదానికొకటి సంబంధం ఉండవు. కావాలంటే ఎగ్జిబిషన్‌కి ఇస్తాను, జాగ్రత్తగా తిరిగివ్వాలి.

రుషికొండ_రాధ
మగ్గం గారూ, కావాలి! అద్దం పెట్టెలో పెట్టిస్తాను, పూచీ నాది.

కాజా_కాకినాడ
చిల్లు పైసాలు కూడా అప్పటివే. 1943 నుంచి లోహం ఆదా కోసం మధ్యలో రంధ్రం పెట్టి పోశారు. మా నాయనమ్మ వాటిని దారానికి గుచ్చి మా నాన్న మొలకి కట్టిందట. ఒకటి నా దగ్గర ఉంది.

విజయవాడ_విరజ
తిండి సంగతి. పట్టణాల్లో రేషన్ వచ్చాక బియ్యం బదులు గోధుమలు ఇచ్చేవారు. మన వాళ్ళకి గోధుమతో ఏం చెయ్యాలో తెలీదు. మా పెద్దమ్మ వాళ్ళ ఇంట్లో మొదట అన్నంలా వండేసి అందరూ ముఖాలు చిట్లించారట. తర్వాత తిరగట్లో విసిరి, దొడ్డు రవ్వ ఉప్మాకి, మెత్తటిది గంజికి, పొట్టు గేదెకి. బెంగుళూరు ఎమ్‌టీఆర్ హోటలు వాళ్ళు రవ్వ ఇడ్లీ ఆ బియ్యం కరువులోనే పుట్టిందని చెప్తారు. పెద్దవాళ్ళకి రోజుకి పౌను చొప్పున ఇచ్చే గింజల్ని 1946లో 12 ఔన్సులకి కోశారు, అంటే సుమారు 340 గ్రాములు. యుద్ధం అయిపోయాక కూడా! ఆ 340 గ్రాములు తూచి చూడండి, కాయకష్టం చేసే మనిషికి ఒక పూటకి సరిపోతుందా అని. ఎవరికి ఎంత వడ్డించాలో తేల్చింది ఎవరు, చివర్లో గిన్నె గీరుకుని తిన్నది ఎవరు?

కాజా_కాకినాడ
అయితే ఉప్మా యుద్ధకాలపు తిండన్నమాట. మా పిల్లలు ఉప్మా చూసి కదనరంగంలోంచి పారిపోయినట్టు పారిపోతుంటారు, కారణం ఇప్పుడు తెలిసింది.

విజయవాడ_విరజ
ఇంకోటి మర్చిపోయాను. 1943లో బెంగాల్ కరువు వచ్చినప్పుడు ఇక్కడ ప్రజానాట్యమండలి వాళ్ళు ఊరూరా తిరిగి చందాలు పోగు చేశారు. మోటూరి ఉదయం ఆడవాళ్ళతో బుర్రకథ దళం కట్టి వేదికెక్కింది ఆ దశకంలోనే. ఆడది తంబురా పట్టి గంతు వెయ్యడమా అని తిట్టినవాళ్ళే కథ అయ్యేసరికి ఏడ్చి డబ్బులిచ్చారని మా పెద్దమ్మ చెప్పేది.

డల్లాస్_తాతగారు
నేను చూసినవి చెప్తాను, కొంచెం తర్వాతి యుద్ధాలు. 1962లో చైనా యుద్ధమప్పుడు మా అమ్మ చేతి గాజులు రక్షణ నిధికి ఇచ్చేసింది. వీధిలో ఆడవాళ్ళంతా వరసలో నిలబడి ఇచ్చారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మూడు నెలలు తిరక్కముందే, 1963 జనవరిలో 14 క్యారెట్లకి మించి నగలు చెయ్యకూడదని గోల్డ్ కంట్రోలు వచ్చింది. మా పక్కింటి కంసాలి కొలిమి చల్లారిపోయింది, ఆయన భార్య అప్పడాలు ఒత్తి అమ్మి ఇల్లు నడిపింది. 1965లో శాస్త్రి గారు సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. మా అమ్మ ముందే వారానికి రెండు పూటలు మానేది, ఆయన చెప్పాక సంతోషంగా మానింది. 1971 డిసెంబరులో విశాఖలో ఉన్నాం. బ్లాకౌట్. కిటికీలకి నల్ల కాగితాలు, కార్ల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు. 3వ తేదీ అర్ధరాత్రి పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్ పేలినప్పుడు మా కిటికీ అద్దాలు గడగడలాడాయి. నేవీ వాళ్ళ భార్యలు మా మేడ మీద ఉండేవారు. ఆ చీకట్లో ఒక్కొక్కరి పిల్లల్ని ఒక్కొక్కరు పడుకోబెట్టి వంతులేసుకుని మెలకువగా కూర్చునేవారు. చేపలమ్మే ఆమె ఆ రోజుల్లో వట్టి తట్టతో వచ్చి, వేటకి పోలేదమ్మా అని చెప్పి, మా వాకిలి తుడిచి గంజి తాగి వెళ్ళేది.

తెనాలి_శ్రీను
నిజాం గారు 1965లో 5 టన్నుల బంగారం దానం చేశారు కదా తాతగారూ?

డల్లాస్_తాతగారు
అది వాట్సాప్ కథ బాబూ. 425 కిలోలు, దానం కాదు, వడ్డీ వచ్చే రక్షణ గోల్డ్ బాండ్లలో పెట్టారు. సమాచార హక్కు కింద బయటికొచ్చింది. మా అమ్మ గాజులకి వడ్డీ రాలేదు.

కచ్‌లో_గోదారి
నేను ఉద్యోగరీత్యా గుజరాత్‌లోని భుజ్‌లో ఉంటున్నా. అదే 1971 డిసెంబరులో పాకిస్తాన్ విమానాలు ఇక్కడి రన్‌వే మీద బాంబులు వేశాయి. పక్కనున్న మాధాపర్ ఊరి ఆడవాళ్ళు 300 మంది 72 గంటల్లో దాన్ని బాగు చేశారు. ఆకుపచ్చ చీరలు కట్టుకుని వచ్చేవారు, సైరన్ మోగితే పొదల్లోకి పరుగెత్తి దాక్కునేవారు, రన్‌వే పైనుంచి కనపడకుండా పేడ అలికారు. రమ గారి పేడ అలికిన కుండల సంగతి చదవగానే ఇదే గుర్తొచ్చింది. ఇందిరా గాంధీ ఇచ్చిన 50 వేల రూపాయల్ని పంచుకోకుండా ఊరికి కమ్యూనిటీ హాలు కట్టుకున్నారు. ఇక్కడ వాళ్ళకి స్మారకం కూడా ఉంది. నలభైలలో అస్సాంలో విమానాశ్రయాలకి రాళ్ళు మోసిన ఆడవాళ్ళ ఫోటోలు చాలా ఉన్నాయి, ఒక్కరి పేరూ లేదు.

మాధవరం_మనవరాలు
రాధ గారూ, 1971 వాళ్ళని కూడా పెడతారా? మీ బోర్డు రెండో ప్రపంచ యుద్ధానికే కదా?

రుషికొండ_రాధ
బోర్డు 1942 నుంచి 46 వరకే. తాతగారివి, భుజ్‌వి విడిగా ఒక ఫైల్లో పెట్టి బల్ల మీద ఉంచుతాను, చదివేవాళ్ళు చదువుతారు. పాతకాగితాలు గారూ, ఆ 1944 చర్చ సంగతి పైన పెద్ద అక్షరాల్లో పెడతాను, కమిటీ ఆయన అక్కణ్ణించే మొదలెట్టాలి. కాజా గారూ, కాకినాడ పేరు విశాఖ పక్కనే అంతే సైజులో ఉంటుంది, సరేనా? రమా, మీ అత్తమ్మ వాళ్ళమ్మగారి ఫోటో ఉంటే పంపు.

ఓరుగల్లు_రమ
అత్తమ్మను అడిగిన అక్కా. వాళ్ళమ్మ ఫోటో లేదట, ఆ జొన్నల కుండ ఉంది, అది తీసుకపొమ్మంటుంది. బస్సుల తెస్తే పగులుతదేమో అని నాకు టెన్షన్.

చీరాల_మగ్గం
గడ్డిలో చుట్టి బుట్టలో పెట్టండమ్మా, ఏం కాదు. మేం మగ్గం సామాను అలాగే తెస్తాం.

కాజా_కాకినాడ
నా చిల్లు పైసా కొరియర్లో పంపనా, చేతికివ్వనా?

రుషికొండ_రాధ
చేతికే ఇవ్వండి. శనివారం సాయంత్రం లైబ్రరీ దగ్గర ఉంటాను, బోర్డుకి మేకులు కొట్టడానికి ఇంకో మనిషి కావాలి కూడా.

తెనాలి_శ్రీను
ఆ పనికి నేనొస్తాను. శనివారం విశాఖలోనే ఉంటున్నా.

రుషికొండ_రాధ
సుత్తి తెచ్చుకోండి శ్రీను గారూ, లైబ్రరీలో ఉన్నది పిడి ఊడిపోయింది.